ఒకే యంత్రంలో రెండు రంపాలు: టేబుల్–మైటర్ రంపాన్ని క్షేమంగా వాడే పద్ధతి

ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, బీడింగులు, వంటింటి అరలు: ఇంటి చెక్కపనిలో ఏది తీసుకున్నా రెండు కోతలు పదే పదే వస్తాయి. చెక్కను అడ్డంగానో కోణంలోనో తెంచడం ఒకటి, నార వెంబడి పొడవునా చీల్చడం రెండోది. తెంచడం మైటర్ రంపం పని, చీల్చడం టేబుల్ రంపం పని. ఆ రెండింటినీ ఒకే మోటారు, ఒకే బ్లేడు మీద ఇమిడ్చిందే కాంబినేషన్ రంపం. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు తిరిగే వడ్రంగికి, ఇంటి వెనక చిన్న షెడ్డులో పని చేసుకునేవారికి ఇది చాలా అనువైన యంత్రం. ఒక మనిషి మోసుకుపోగలడు, చోటు తక్కువ తీసుకుంటుంది, రెండు యంత్రాలు కొనే ఖర్చు తప్పుతుంది.

విడి యంత్రాల్లో లేని ప్రమాదం ఒకటి మాత్రం దీనిలో ఉంది. మైటర్ రూపంలో చేతిని కాపాడే గార్డు, టేబుల్ రూపంలోకి రాగానే దారి నుంచి తప్పుకుంటుంది. టేబుల్ రూపంలో తప్పనిసరిగా ఉండాల్సిన భాగాలు మైటర్ రూపంలో అడ్డమవుతాయి. అంటే రూపం మార్చిన ప్రతిసారీ మీ రక్షణను మీరే విప్పి, మీరే మళ్ళీ బిగించాలి. తొందరలో ఒక భాగం మర్చిపోయినా యంత్రం తిరుగుతూనే ఉంటుంది, కోత కూడా పడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో కోతలతో సమానంగా ఆ మార్పిడి గురించి చెబుతాను.

మీ దగ్గరున్నది ఏ రకం?

ఈ రంపాల్లో ప్రధానంగా రెండు నిర్మాణాలున్నాయి. మొదటి రకంలో మామూలు మైటర్ రంపం నెత్తి మీద ఒక చిన్న బల్ల ఉంటుంది. మకీటా ఎల్‌హెచ్1040, బాష్ జీటీఎం 12 జేఎల్ ఇలాంటివే. రంపం తలను కిందికి దించి లాక్ చేస్తే, బ్లేడు పై అంచు ఆ బల్లలోని సందులోంచి బయటకు వస్తుంది. ఎంత ఎత్తు రావాలో బల్లను పైకీ కిందికీ జరిపి సరిచేసుకోవాలి. రెండో రకంలో బల్ల మొత్తం తిరగబడుతుంది. డీవాల్ట్ డీడబ్ల్యూ743 ఈ కోవలోది. లాక్ తీసి బల్లను తిప్పితే మోటారు కిందికి పోయి, బ్లేడు పైకి వస్తుంది.

మీది ఏ రకమో తెలిస్తేనే ఏ భాగాన్ని ఎప్పుడు మార్చాలో అర్థమవుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకం పోయి ఉంటే తయారీదారు వెబ్‌సైటులో మోడల్ నంబరు కొట్టి దించుకోండి. కింద నేను చెప్పే కొలతకూ ఆ పుస్తకంలోని కొలతకూ తేడా వస్తే పుస్తకం మాటే వినండి.

వేగం సంగతి ఒకసారి లెక్క వేసి చూడండి. 260 మి.మీ. బ్లేడు నిమిషానికి 4,800 సార్లు తిరుగుతుంటే పళ్ళ అంచు సెకనుకు 65 మీటర్లు కదులుతుంది, అంటే గంటకు సుమారు 235 కిలోమీటర్లు. 305 మి.మీ. బ్లేడు 3,800 సార్లు తిరిగినా గంటకు 218 కిలోమీటర్ల దాకా వస్తుంది. చేయి వెనక్కి లాక్కోవడానికి పావు సెకను పట్టిందనుకుందాం. ఆలోగా 16 మీటర్ల పొడవు పళ్ళు ఆ చోటును దాటిపోతాయి. ‘జాగ్రత్తగా ఉంటాను, తగలగానే తీసేస్తాను’ అనే ధీమాకు ఇక్కడ చోటు లేదు. చేయి అసలు ఆ దారిలోకి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

చోటు, కరెంటు

మన సైట్లలో చాలామంది నేల మీద కూర్చుని కోస్తారు. చేతి రంపానికి, ఉలికి ఆ కూర్చునే తీరు తరతరాలుగా సరిపోయింది. తిరిగే బ్లేడు ముందు అది పనికిరాదు. కూర్చున్న మనిషి చెక్క వెనక్కి తన్నితే పక్కకు తప్పుకోలేడు, పైగా ముఖం బ్లేడు ఎత్తులోనే ఉంటుంది. యంత్రాన్ని గట్టి స్టాండు మీదో బెంచీ మీదో బోల్టులతో బిగించండి. నిలబడి పని చేసే ఎత్తు ఉండాలి. ఊగే ప్లైవుడ్ ముక్క, ఇటుకల దొంతర, ఖాళీ పెయింటు డబ్బాలు స్టాండుగా వాడకండి. పై బల్ల ఉన్న రకంలో టేబుల్ కోత సహజంగానే ఎత్తులో జరుగుతుంది కాబట్టి బెంచీ మరీ ఎత్తుగా ఉంటే భుజాలు పైకెత్తి తోయాల్సి వస్తుంది. బెంచీ ఎత్తు ఎంచుకునేటప్పుడు రెండు రూపాలనూ ఒకసారి కొలిచి చూసుకోండి.

కాళ్ళ కింద రంపపు పొట్టు, తెగిన ముక్కలు, వైర్లు లేకుండా ఊడ్చుకోవాలి. వెలుతురు బ్లేడు మీద నీడ పడకుండా పక్క నుంచి రావాలి. పిల్లలు, పని చూడటానికి వచ్చిన ఇంటివాళ్ళు బ్లేడు వరుసలో ముందుగానీ వెనకగానీ నిలబడకుండా చూడండి.

ఈ యంత్రాలు 1,650 నుంచి 2,000 వాట్ల దాకా లాగుతాయి. 230 వోల్టుల దగ్గర అది 7 నుంచి 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టకండి, 16 ఆంపియర్లది కావాలి. ఎక్స్‌టెన్షన్ వాడక తప్పకపోతే 2.5 చదరపు మి.మీ. రాగి తీగ ఉన్నది తీసుకుని, చుట్ట పూర్తిగా విప్పి పరచండి. చుట్టగా ఉంచి ఎక్కువసేపు నడిపితే లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది. సన్నటి వైరులో వోల్టేజి పడిపోతే మోటారు నీరసించి, బ్లేడు చెక్కలో ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కోవడమే తర్వాత చెక్క వెనక్కి తన్నడానికి మొదటి మెట్టు. లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) ఉంటే షాకు నుంచి కాపాడుతుంది. కొత్తగా కడుతున్న ఇంట్లో తాత్కాలిక కనెక్షన్ మీద పని చేస్తుంటే దాని గురించి తప్పకుండా అడగండి.

కరెంటు పోయినప్పుడు చేయాల్సిన మొదటి పని స్విచ్ ఆపడం. టేబుల్ రూపంలో స్విచ్ నొక్కితే అలాగే ఉండిపోతుంది. కరెంటు పోయిందని చెక్క సర్దుకుంటూ ఉండగా అది తిరిగొస్తే బ్లేడు ఒక్కసారిగా తిరగడం మొదలవుతుంది. మంచి యంత్రాల్లో దీనికోసమే, కరెంటు తిరిగొచ్చినా మళ్ళీ నొక్కితేనే నడిచే స్విచ్ ఉంటుంది. మీ దానిలో ఉందో లేదో ఇలా పరీక్షించండి: బ్లేడుకు ఏమీ తగలకుండా ఉంచి, యంత్రం నడుస్తుండగా గోడ స్విచ్ ఆపి, బ్లేడు నిలిచాక మళ్ళీ వేయండి. దానంతట అది తిరిగితే ఆ రక్షణ లేదన్నమాట.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

చేతికి గ్లౌజులు వద్దు. బ్లేడు మార్చేటప్పుడు, గరుకు చెక్కలు మోసేటప్పుడు వేసుకోండి, స్విచ్ వేసే ముందు తీసేయండి. గ్లౌజు పోగు ఒక్కటి పంటికి చిక్కితే చేయి మొత్తం లోపలికి పోతుంది. ఇదే కారణంతో మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, లుంగీ, ఉంగరాలు, కడియాలు, మణికట్టుకు కట్టుకున్న దారాలు తీసి పక్కన పెట్టాలి. గుడిలో కట్టించుకున్న కంకణం తీయడం ఇష్టం లేకపోతే దాని మీద బిగుతైన చేతిపట్టీ వేసుకోండి. కాళ్ళకు చెప్పులు కాదు, వేళ్ళు మూసే బూట్లు ఉండాలి.

కంటికి పక్కలు కూడా మూసే అద్దాలు కావాలి, మామూలు కళ్ళజోడు చాలదు. చెవులకు ఇయర్‌మఫ్‌లో ప్లగ్గులో పెట్టుకోండి. రంపం మోత రోజూ వినేవారికి వినికిడి నెమ్మదిగా తగ్గుతుంది, తెలిసేసరికి తిరిగి రాదు. ఇక ముక్కు సంగతి: అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక), ప్లైవుడ్ కోస్తే ధూళితో పాటు జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. ముఖానికి కట్టుకున్న చేతిరుమాలు ఈ సన్నటి ధూళిని ఆపదు. ఎన్95 మాస్కు వేసుకుని, యంత్రం వెనక గొట్టానికి వాక్యూమ్ తగిలించండి.

స్విచ్ వేసే ముందు

ప్లగ్గు తీసి ఉన్నప్పుడే ఈ తనిఖీ చేయాలి. బ్లేడును చేత్తో ఒక చుట్టు తిప్పి పగులు, ఊడిన కార్బైడ్ పన్ను, వంకర ఉన్నాయేమో చూడండి. మైటర్ గార్డును పైకెత్తి వదలండి. స్ప్రింగు బలంతో అది వెంటనే, తడబడకుండా కిందికి రావాలి. పొట్టు పేరుకుని నెమ్మదిగా వస్తుంటే శుభ్రం చేసి మళ్ళీ చూడండి. ‘గీత కనిపించడం లేదు’ అని గార్డును తీగతోనో చెక్కముక్కతోనో పైకి కట్టేసిన యంత్రాలు సైట్లలో కనిపిస్తాయి. అలాంటి యంత్రం మీద పని చేయమంటే ముందు ఆ కట్టు విప్పండి. గీత కనబడక చెడిపోయిన ముక్క ఖరీదు ఎంతైనా వేలి కంటే ఎక్కువ కాదు.

చెక్కనూ తనిఖీ చేయాలి. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే టేకు దూలాలు, వాసాలు మంచి సరుకే, వాటిని తిరిగి వాడటం నాకు ఎంతో ఇష్టం. కానీ వాటిలో తల విరిగిన మేకులు లోపల దాక్కుని ఉంటాయి. బలమైన అయస్కాంతం పైనంతా జరిపి చూడండి, అనుమానమున్న చోట ఉలితో తవ్వి తీసేయండి. ముళ్ళు వదులుగా ఉన్న చెక్క, మెలి తిరిగిన చెక్క, తడి ఆరని చెక్క టేబుల్ కోతకు పనికిరావు.

మైటర్ రూపంలో కోత

పై బల్ల ఉన్న రకమైతే, ముందుగా ఆ బల్లను అన్నిటికంటే పై స్థానానికి ఎత్తి బిగించండి. ఇది మర్చిపోతే మీరు కింద కోస్తున్నప్పుడు బ్లేడు పై అంచు నెత్తి మీది బల్లలోంచి బయటికి తిరుగుతూ ఉంటుంది, అక్కడ కొలబద్దో చేయో ఉంటే అంతే. ఆ బల్ల మీద పెన్సిళ్ళు, కొలతటేపు పెట్టుకునే అలవాటు చేసుకోవద్దు.

చెక్కను కింద బల్లకూ, వెనక ఫెన్సుకూ (చెక్క ఆనే నిలువు పలకకు) పూర్తిగా ఆనించండి. బ్లేడు అడుగు పళ్ళు మీ నుంచి ఫెన్సు వైపు పోతాయి కాబట్టి కోత చెక్కను ఫెన్సుకే నొక్కుతుంది. మధ్యలో సందుంటే ఆ నొక్కుడు ఒక్క గుద్దుగా మారి, చెక్క తిరగబడి చేతిని లోపలికి లాగుతుంది. వంపు తిరిగిన చెక్క అయితే ఉబ్బిన వైపు ఫెన్సుకు ఆనాలి. అప్పుడు కోత సాగేకొద్దీ సందు విచ్చుకుంటుంది. తిరగేసి పెడితే సందు మూసుకుని బ్లేడును పట్టేస్తుంది.

పట్టుకోవడానికి క్లాంపు వాడండి. చేత్తోనే పట్టుకోవాల్సి వస్తే చేయి బ్లేడుకు కనీసం 15 సెం.మీ. దూరంలో ఉండాలి. అంతకంటే దగ్గరగా పట్టుకోవాల్సినంత చిన్న ముక్కను క్లాంపు లేకుండా కోయకూడదు. ఒక చేతి మీదుగా ఇంకో చేయి దాటించకండి. బ్లేడుకు ఎడమ పక్కనున్న చెక్కను ఎడమచేత్తో, కుడి పక్కనున్న దాన్ని కుడిచేత్తో పట్టుకుని, హ్యాండిల్ కోసం రెండో చేయి వాడండి.

కోత వరుస ఇది. ముందు స్విచ్ వేయకుండా తలను కిందికి దించి, బ్లేడు దారిలో క్లాంపుగానీ ఫెన్సుగానీ అడ్డం లేదని చూసుకోండి. కోణం, వంపు మార్చిన ప్రతిసారీ ఇది తప్పనిసరి. తర్వాత తలను పైకి పోనిచ్చి స్విచ్ వేయండి. బ్లేడు పూర్తి వేగం అందుకునేదాకా ఆగి, నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో దించండి. తెగాక స్విచ్ వదిలేసి, తల కిందనే ఉంచి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా వేచి ఉండండి. ఆ తర్వాతే పైకెత్తాలి. తిరుగుతున్న బ్లేడును పైకి లేపితే తెగిన చిన్న ముక్క పళ్ళకు చిక్కి ఎగురుతుంది. ఆ కొద్ది సెకన్ల ఓపికే చాలామందికి ఉండదు.

ఒకే కొలత ముక్కలు చాలా కావాలంటే స్టాపు, అంటే చెక్క కొస ఆనే అడ్డు, బిగిస్తాం. స్టాపు ఒక వైపే ఉండాలి, తెగే ముక్క రెండో వైపు స్వేచ్ఛగా పక్కకు జరగగలగాలి. స్టాపుకూ బ్లేడుకూ మధ్య ముక్క ఇరుక్కుంటే ఎటు ఎగురుతుందో చెప్పలేం. గుండ్రటి కర్రను వి ఆకారపు దిమ్మలో పెట్టి క్లాంపు వేయకుండా కోయకండి, అది బ్లేడు కింద దొర్లుతుంది.

ఫ్రేముల మూలలకు 45 డిగ్రీలు పెడతాం. మన గోడల మూలలు మాత్రం చాలాసార్లు సరిగ్గా 90 ఉండవు. మూలను కోణమాపకంతో కొలిచి, దాన్ని 180 నుంచి తీసేసి, మిగిలిన దానిలో సగం యంత్రం స్కేలు మీద పెట్టండి. మూల 92 వస్తే స్కేలును 44 డిగ్రీలకు పెట్టి కోయాలి. ముందు పనికిరాని ముక్క మీద కోసి జోడించి చూస్తే మంచి బీడింగు వృథా కాదు. కోణం సరిదిద్దుకోవడానికి చెక్క అంచు నుంచి కాగితమంత పలుచటి పొర తీయాలనిపిస్తుంది. ఆ పని కూడా క్లాంపు వేసే చేయాలి.

రూపం మార్చడం: మైటర్ నుంచి టేబుల్‌కు

మొదట ప్లగ్గును సాకెట్టు నుంచి పీకి, మీ కంటికి కనిపించేలా బెంచీ మీద పెట్టుకోండి. గోడ స్విచ్ ఆపడం చాలదు, దాన్ని ఎవరైనా వేయవచ్చు. ఫోను వస్తే తీయకండి, మధ్యలో ఎవరైనా మాటల్లో పెడితే మాట ముగించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి. ఎక్కడిదాకా చేశామో గుర్తుందనుకోవడం నమ్మదగిన పని కాదు.

తర్వాత కోణాన్ని సున్నాకు, వంపును సున్నాకు తెచ్చి రెండింటినీ బిగించండి. టేబుల్ రూపంలో బ్లేడును వంచి కోయడానికి కొన్ని యంత్రాలే ఒప్పుకుంటాయి. మీ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆ పని చేయకండి.

పై బల్ల రకంలో: రంపం తలను పూర్తిగా కిందికి నొక్కి లాక్ పిన్ను తోయండి. పిన్ను సగమే దిగిందేమో తలను పైకి లాగి చూడండి. కంపనానికి ఆ పిన్ను జారితే టేబుల్ కోత మధ్యలో బ్లేడు ఎత్తే మారిపోతుంది. కింద భాగంలో బ్లేడును కప్పడానికి యంత్రంతో ఇచ్చిన తొడుగు ఉంటే అది పెట్టండి. పైన కోస్తున్నంతసేపూ కింద కూడా అదే బ్లేడు తిరుగుతోందని మరవకండి. కింది బల్ల మీద ఏదీ ఉంచకూడదు, తెగిన ముక్క తీయడానికి అక్కడికి చేయి పోకూడదు.

తిరగబడే రకంలో: తలను దించి లాక్ చేసి, వెనక లేదా పక్కనున్న మీట విడిపించి, రెండు చేతులతో బల్లను తిప్పండి. అది పూర్తిగా తిరిగి టక్కుమని లాక్ పడాలి. వేళ్ళు బల్ల అంచుకూ ఫ్రేముకూ మధ్య నలగకుండా పట్టుకోండి. తర్వాత కింది గార్డును బిగించండి.

ఇక రెండు రకాలకూ ప్రాణం లాంటి భాగం రివింగ్ నైఫ్. బ్లేడు వెనక, దాని వంపును అనుసరించి నిలబడే ఉక్కు పలక అది. చెక్క చీలాక రెండు భాగాలు దగ్గరికి ముడుచుకుని బ్లేడు వెనక పళ్ళను పట్టేయకుండా సందును తెరిచి ఉంచుతుంది. దాని మందం బ్లేడు పలక కంటే ఎక్కువ, పళ్ళు చేసే సందు కంటే తక్కువ ఉండాలి. ఉదాహరణకు పలక 1.8 మి.మీ., కోత వెడల్పు 2.8 మి.మీ. అయితే నైఫ్ 2.3 మి.మీ. సరిపోతుంది. పళ్ళ అంచుకూ నైఫ్‌కూ మధ్య 3 నుంచి 8 మి.మీ. సందు చాలు. ఎక్కువ దూరంలో ఉంటే చెక్క ఆ మధ్యలోనే ముడుచుకుంటుంది. మూలమట్టం ఆనించి అది బ్లేడుతో ఒకే వరుసలో ఉందని చూడండి. దాని మీద పై గార్డు బిగించి, అది చెక్క మీదికి వాలుతోందో లేదో పరీక్షించండి.

టేబుల్ రూపంలో ఫెన్సు అంటే చెక్క అంచు ఆని జరిగే పొడవాటి పట్టీ; అది బ్లేడుకు సమాంతరంగా ఉందా అన్నది కంటితో తేల్చకండి. బ్లేడు పన్ను ఒకదానికి గుర్తు పెట్టి, అది ముందున్నప్పుడు ఫెన్సుకు దూరం కొలవండి. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్ను వెనక్కి వచ్చాక మళ్ళీ కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. వెనక దూరం తక్కువగా ఉంటే మాత్రం చెక్క నలుగుతుంది, ఆ స్థితిలో కోయనే కూడదు. బీరువా తలుపులకు ప్లైవుడ్ పట్టీలు తీసేటప్పుడు ఈ కొలత ఎంత ముఖ్యమో చేసినవారికి తెలుసు.

అన్నీ అయ్యాక పానాలు, అలెన్ కీలు లెక్క పెట్టి పెట్టెలో వేయండి. బ్లేడును చేత్తో ఒక చుట్టు తిప్పి ఏదీ రాసుకోవడం లేదని తేలాకే ప్లగ్గు పెట్టండి. పక్కకు నిలబడి అర నిమిషం ఖాళీగా తిప్పండి. కొత్త శబ్దం వినిపిస్తే ఆపి కారణం వెతకండి.

టేబుల్ రూపంలో చీల్చడం

చెక్క వెనక్కి ఎందుకు తన్నుతుందో తెలిస్తే కింది సూచనలు వాటంతట అవే గుర్తుంటాయి. ఇక్కడ ముందు పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకు నొక్కుతాయి. వెనక పళ్ళు పైకి లేస్తూ, పై అంచున మీ వైపు దూసుకొస్తాయి. చెక్క వెనక పళ్ళకు తగిలిందంటే అవి దాన్ని ఎత్తి మీ మీదికి విసురుతాయి. నలిగినా, మెలి తిరిగినా, ఫెన్సు నుంచి పక్కకు జరిగినా జరిగేది అదే. చెక్కతో పాటు దాన్ని నెడుతున్న చేయి బ్లేడు మీదికి పోవడం ఇందులో ఇంకా ఘోరం.

అందుకని బ్లేడుకూ ఫెన్సుకూ మధ్యనున్న ముక్క వెనక వరుసలో నిలబడకండి. ఫెన్సు బ్లేడుకు కుడి వైపు ఉంటే మీరు బ్లేడు గీతకు కాస్త ఎడమగా నిలబడాలి. పళ్ళు చెక్క పైకి 5 లేదా 6 మి.మీ. కంటే ఎక్కువ రాకుండా ఎత్తు సరిచేయండి. పై బల్ల రకాల్లో కోత లోతు పరిమితం: ఎల్‌హెచ్1040లో 40 మి.మీ., జీటీఎం 12 జేఎల్‌లో 51 మి.మీ. అంతకంటే మందపాటి చెక్కను తిరగేసి రెండు సార్లుగా కోద్దామని చాలామంది చూస్తారు. అలా చేయాలంటే చెక్క పైకి రాని బ్లేడు మీద నుంచి గార్డు తీయాలి. వద్దు, దాన్ని కోత మిల్లుకు పంపండి.

చెక్కకు ఒక అంచు తిన్నగా, ఒక ముఖం చదునుగా ఉండాలి. తిన్నటి అంచు ఫెన్సుకు, చదును ముఖం బల్లకు. అంచు వంకరగా ఉంటే ముందు చిత్రిక పట్టండి. ఫెన్సు లేకుండా, చేత్తో వరుస చూసుకుంటూ చీల్చడం ఎంత అనుభవం ఉన్నా చేయకూడని పని. ఘన చెక్క లోపలి బిగువు వల్ల చీలుతూనే విచ్చుకోవచ్చు లేదా ముడుచుకోవచ్చు. మీ ఫెన్సు ముందుకూ వెనక్కూ జరిగే రకమైతే, ఘన చెక్కకు దాని చివర బ్లేడు ముందు పళ్ళ దగ్గరే ఆగేలా పెట్టండి. చీలిన భాగం విచ్చుకోవడానికి అప్పుడు చోటుంటుంది. ప్లైవుడ్‌కు ఈ అవసరం లేదు.

తోపుడు కర్ర స్విచ్ వేయడానికి ముందే చేతికి అందేచోట ఉండాలి. కనీసం 45 సెం.మీ. పొడవు, చివర చెక్క అంచును పట్టే గాడి ఉండేలా 12 మి.మీ. ప్లైవుడ్‌తో మీరే చేసుకోవచ్చు. ఒకటి కాదు, రెండు చేసుకోండి. కోతలో చివరి 30 సెం.మీ. వచ్చేసరికి చెక్కను చేతులతో నెట్టడం మానేసి కర్రతో నెట్టాలి. ఫెన్సుకూ బ్లేడుకూ మధ్య 15 సెం.మీ. కంటే తక్కువుంటే మొదటి నుంచీ కర్రే. 5 సెం.మీ. కంటే సన్నటి పట్టీలకు చెక్కను పై నుంచి కూడా నొక్కిపట్టే తోపుడు దిమ్మ వాడండి. నెట్టేటప్పుడు బ్లేడుకూ ఫెన్సుకూ మధ్యనున్న భాగాన్నే నెట్టాలి. బయట వైపు విడిపోయే ముక్కను నెడితే అది బ్లేడు వైపు తిరుగుతుంది. చెక్క రివింగ్ నైఫ్‌ను పూర్తిగా దాటేదాకా నెట్టడం ఆపకండి.

మోటారు మోత బరువెక్కిందంటే నెట్టడం నెమ్మది చేయండి. బ్లేడు ఇరుక్కుంటే చెక్కను వెనక్కి లాగవద్దు. ఉన్నచోటనే గట్టిగా నొక్కిపట్టి స్విచ్ ఆపండి. ఆగాక ప్లగ్గు తీసి, తర్వాత చెక్క విడిపించండి. స్విచ్‌ను మోకాలితోనో చేతికి దగ్గరగానో ఆపగలిగేలా ముందే నిలబడే చోటు ఎంచుకోవాలని ఇందుకే అంటాను.

ఈ యంత్రాల బల్ల చిన్నది. ఎనిమిది అడుగుల పలక సగం దాటగానే అవతల వాలిపోయి, ఇవతల బల్ల మీద నుంచి లేస్తుంది. అవతల అదే ఎత్తులో రోలర్ స్టాండు పెట్టండి. సహాయకుడు ఉంటే అతను బ్లేడుకు 1.2 మీటర్ల దూరానికి ఇవతలికి రాకుండా నిలబడి, చెక్క బరువు మోస్తే చాలు, లాగకూడదు. ఇద్దరు రెండు వేగాలతో పని చేస్తే చెక్క పక్కకు తిరుగుతుంది. ఈ మాట పని మొదలుపెట్టే ముందే అతనికి చెప్పండి, మధ్యలో మోతలో వినిపించదు.

ప్లైవుడ్ పూర్తి షీటును, 8 అడుగులకు 4 అడుగులది, దీని మీదికి ఎక్కించకండి. చేతి వృత్తాకార రంపంతో ముందు చిన్న ముక్కలు చేసుకుని తెచ్చుకోండి. టేబుల్ రూపంలో అడ్డంగా కోయాలంటే మైటర్ గేజ్ (చెక్కను కోణంలో ఆనించి బల్ల గాడిలో జరిపే భాగం) వాడాలి, దానితో పాటు ఫెన్సును కూడా ఆనించకూడదు. తెగిన ముక్క రెండింటి మధ్యా చిక్కుతుంది. అయినా అడ్డ కోతకు మైటర్ రూపం చేతిలోనే ఉండగా ఈ అవస్థ ఎందుకు? గాడులు, మెట్టు కోతలు కూడా ఈ యంత్రం మీద వద్దు, వాటికి గార్డు, నైఫ్ తీయాలి. రూటర్ (గాడులు తొలిచే చేతి యంత్రం) ఉంటే క్షేమంగా అవుతాయి.

తిరిగి మైటర్‌కు

వరుస తలకిందులు: ప్లగ్గు తీయడం, ఫెన్సు, గార్డు తీయడం, తిరగబడే రకంలో పుస్తకం చెప్పినట్టు నైఫ్‌ను తొలగించడం లేదా వెనక్కి మడవడం, పై బల్లను పైకెత్తడం లేదా తిరగబడే బల్లను మళ్ళీ తిప్పి లాక్ చేయడం, ఆ తర్వాత పిన్ను తీసి తలను పైకి వదలడం. తలను స్ప్రింగు జోరుగా ఎగరేస్తుంది, హ్యాండిల్ పట్టుకునే పిన్ను లాగండి. చివరగా గార్డు పడుతోందో లేదో మళ్ళీ ఒకసారి ఎత్తి చూడండి. రోజులో పదిసార్లు అటూ ఇటూ మార్చే అవసరం రాకుండా, చీల్చాల్సిన పట్టీలన్నీ ఒకేసారి చీల్చుకుని, తెంచడం తర్వాత పెట్టుకుంటే మార్పిడులు సగానికి సగం తగ్గుతాయి.

బ్లేడు ఎంపిక

రెండు పనులకూ ఒకే బ్లేడు కాబట్టి ఇది రాజీ వ్యవహారమే. చీల్చడానికి 24 నుంచి 30 పళ్ళు, నున్నటి అడ్డ కోతకు 60 నుంచి 80 పళ్ళు మేలు. రోజువారీ పనికి 40 నుంచి 48 పళ్ళది పెట్టుకుని, టేకు పలకలు ఎక్కువ చీల్చే రోజున మార్చుకోండి. లామినేట్, ఎండీఎఫ్ పెచ్చులు లేవకుండా కోయాలంటే పళ్ళు ఒకటి చదునుగా ఒకటి మూలలు తీసినట్టుగా ఉండే రకం అడగండి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం యంత్రం వేగానికి తగ్గకూడదు, మధ్య రంధ్రం కొలత సరిపోవాలి. చిన్న సైజు బ్లేడు బిగిస్తే నైఫ్‌తో సందు పెరిగిపోతుంది. సన్నటి కోత బ్లేడు కొంటే నైఫ్ దానికంటే మందంగా ఉండి చెక్క అక్కడే ఆగిపోతుంది. బాణం గుర్తు గార్డు మీది బాణంతో కలవాలి. చాలా యంత్రాల్లో బ్లేడు బోల్టు మరలు తిరగేసి ఉంటాయి, గడియారం దిశలో తిప్పితే వదులవుతుంది. మొద్దుబారిన బ్లేడు చెక్కను కాల్చి నల్ల చారలు పెడుతుంది. తోయడానికి ఎక్కువ బలం పెట్టాల్సి వస్తోందంటే సాన పట్టించాల్సిన సమయం దాటిపోతోంది.

ప్రమాదం జరిగితే

గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కండి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి, 108కి ఫోను చేయండి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ అద్దకండి. వేలు తెగి విడిపోతే దాన్ని శుభ్రమైన తడి గాజుగుడ్డలో చుట్టి, నీరు చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళ గిన్నెలో ఉంచి మనిషితో పాటు పంపండి. వేలు నేరుగా ఐసుకు తగిలితే కణజాలం చెడి అతికించడానికి పనికిరాదు. గాయపడ్డ మనిషికి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు, శస్త్రచికిత్స అవసరం పడవచ్చు. తెగిన వేళ్ళు అతికించే మైక్రోసర్జరీ అన్ని ఆస్పత్రుల్లో ఉండదు. మీకు దగ్గరలో ఎక్కడుందో పని లేని రోజునే కనుక్కుని, ఆ నంబరును 108 పక్కన, రంపం ఎదుటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.